ఏ యూరోపా? రాకుమారి, ఖండం, ఉపగ్రహం, గ్రహశకలం - అందరికీ ఒకటే పేరు

"యూరోపా మంచు కింద మహాసముద్రం" అన్న శీర్షిక చూసి, ఐరోపా ఖండంలో ఏదో హిమానీనదం సంగతి కాబోలు అనుకుంటే ఆ తప్పు చదివినవాళ్లది కాదు. ఆ పేరే అంత తిరకాసుది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2024 అక్టోబరు 14న యూరోపా క్లిప్పర్ నౌకను పంపినప్పటి నుంచి ఈ మాట మన వార్తల్లో తరచూ కనిపిస్తోంది. అదే పేరుతో వెతికితే యూరోపా లీగ్ ఫుట్‌బాల్ పోటీ వస్తుంది, యూరో నోటు మీద బొమ్మ వస్తుంది, ఎద్దు మీద కూర్చున్న గ్రీకు కథల అమ్మాయి వస్తుంది, సంబంధం లేనట్టుగా ఒక గ్రహశకలం కూడా వస్తుంది. వీటిలో ఏది దేన్నుంచి పేరు తెచ్చుకుందో తెలిస్తే చిక్కు సగం విడిపోతుంది. మిగతా సగం విడదీయడానికి పక్కనున్న మాటలు, అంకెలు చూడాలి.

## తికమక ముందు మన మాటల్లోనే ఉంది

ఖండాన్ని తెలుగులో ఐరోపా అనీ యూరప్ అనీ రాస్తాం. ఉపగ్రహాన్ని యూరోపా అంటాం. ఐరోపాకూ యూరోపాకూ తేడా మొదటి అక్షరం ఒక్కటే. ఇంగ్లీషులో ఖండం యూరప్, ఉపగ్రహం యూరోపా కాబట్టి వాళ్లకు గొడవ కొంత తక్కువ. ఇటాలియన్, జర్మన్, స్పానిష్ భాషల్లో రెండింటికీ అచ్చంగా ఒకటే మాట. వాళ్లతో పోలిస్తే మన పరిస్థితే మేలు.

ఇక "చంద్రుడు". మనకు చంద్రుడు ఒక్కడే. అది పేరు, జాతి కాదు. "గురుగ్రహపు చంద్రుడు" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది కనుక ఉపగ్రహం అంటాం. కానీ ఇస్రో ప్రయోగించేదీ ఉపగ్రహమే. "2030లో చేరనున్న యూరోపా ఉపగ్రహం" అని రాస్తే చేరేది ఏది? యూరోపా ఎక్కడికీ చేరక్కర్లేదు, ఎప్పటి నుంచో అక్కడే ఉంది. చేరాల్సింది క్లిప్పర్. అందుకే ఇక్కడ ఉపగ్రహం అంటే ఒక గ్రహం చుట్టూ సహజంగా తిరిగేదనీ, నౌక అంటే మనుషులు చేసి పంపినదనీ అనుకుందాం. గ్రహశకలం అంటే గ్రహమంత పెద్దది కాకుండా, నేరుగా సూర్యుడి చుట్టూ తిరిగేది. వాటిలో ఎక్కువ భాగం అంగారక, గురు గ్రహాల కక్ష్యల మధ్య ఉంటాయి.

క్రియ చూసి పోల్చుకుందామా అంటే అదీ కుదరదు. తెలుగులో ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకీ క్రియ ఒకటే. "యూరోపా వచ్చింది" అంటే రాకుమారి కావచ్చు, ఉపగ్రహమూ కావచ్చు. గురుడి మరో ఉపగ్రహం గనీమీడ్ దగ్గర ఈ ఇబ్బంది లేదు. కథలో గనీమీడ్ మగపిల్లాడు కాబట్టి "వచ్చాడు" అంటాం, ఆకాశంలో ఉన్నదాన్ని "వచ్చింది" అంటాం.

## కథలో యూరోపా: ఎద్దు మోసుకుపోయిన టైర్ రాకుమారి

ఎక్కువగా చెప్పుకునే కథ ఇది. ఇప్పటి లెబనాన్ తీరంలో ఉన్న టైర్ అప్పట్లో ఫినీషియన్ల పట్టణం. దాని రాజు ఎజీనార్, ఆయన కూతురు యూరోపా. ఆమె చెలికత్తెలతో సముద్రం ఒడ్డున పూలు కోసుకుంటుంటే దేవతల రాజు జ్యూస్ తెల్లటి ఎద్దు రూపంలో వచ్చి మెల్లగా పక్కన చేరాడు. సాధుజంతువే కదా అని ఆమె వీపు మీద ఎక్కి కూర్చుంది. ఎద్దు నీళ్లలోకి దిగి, ఈదుకుంటూ క్రీట్ దీవిలో తేలింది. అక్కడ ఆమెకు మినోస్, రాడమాంథస్, సార్పెడాన్ అని ముగ్గురు కొడుకులు పుట్టారు. తర్వాత క్రీట్ రాజు ఆస్టీరియన్ ఆమెను పెళ్లాడి పిల్లల్ని పెంచాడు. చిక్కుదారుల భవనం, అందులో ఎద్దుతల మనిషి అన్న ప్రసిద్ధ కథలో రాజు ఈ మినోసే. జ్యూస్ ఆమెకిచ్చిన కానుకల్లో టాలోస్ అనే కంచు మనిషి ఒకడు. రోజుకు మూడుసార్లు దీవి చుట్టూ తిరిగి కాపలా కాయడం వాడి పని.

క్రీ.పూ. 2వ శతాబ్దపు కవి మోస్కస్ ఈ కథ చెబుతూ యూరోపా చేతికి ఒక బంగారు పూలబుట్ట ఇచ్చాడు. దాని మీద చెక్కిన బొమ్మలు ఆవుగా మారిపోయిన అయో కథవి. అయో మీద కూడా జ్యూస్ కన్నే పడింది. వంశం చూస్తే అయో కొడుకు ఎపాఫస్, అతని కూతురు లిబియా, లిబియా కొడుకు ఎజీనార్, ఎజీనార్ కూతురు యూరోపా. అంటే తన ముత్తాత తల్లికి ఏం జరిగిందో చెక్కి ఉన్న బుట్టను చేత పట్టుకుని ఈ పిల్ల అదే దేవుడి వలలో పడుతోంది. ఈ ఇద్దరి పేర్లూ తర్వాత గురుగ్రహం దగ్గర పక్కపక్క కక్ష్యల్లో చేరాయి.

అయితే కథలోనూ యూరోపా ఒక్కతే కాదు. పాత గ్రీకు కవి హోమర్ రాసిన ఇలియడ్ కావ్యంలో ఆమె ఎజీనార్ కూతురు కాదు, ఫీనిక్స్ కూతురు. మిగతా కథల్లో ఫీనిక్స్ ఆమెకు అన్న. హెసియడ్ చెప్పిన దేవతల వంశావళిలో ఓషియనస్ కూతుళ్లైన జలకన్యల్లో ఒకామె పేరు కూడా యూరోపా. అదే జాబితాలో ఆసియా అనే మరో జలకన్య ఉంది. ఈ ఒక్క వివరం తర్వాతి ప్రశ్నను బాగా ఇరకాటంలో పెడుతుంది.

## ఖండానికి ఆ పేరు ఈమె వల్లే వచ్చిందా?

"యూరోపా అనే రాకుమారి పేరు మీద ఐరోపా ఖండానికి ఆ పేరు వచ్చింది" అని చాలా చోట్ల ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. దీన్ని మొదట అనుమానించినవాడు గ్రీకువాడే. క్రీ.పూ. 5వ శతాబ్దంలో చరిత్రకారుడు హెరోడోటస్ ఈ సంగతిని సూటిగా ఎత్తాడు. ఒకే నేలకు లిబియా, ఆసియా, యూరోపా అని మూడు ఆడపేర్లు ఎందుకొచ్చాయో, ఎవరు పెట్టారో తనకు అంతుబట్టడం లేదన్నాడు. టైర్ యూరోపా అసలు ఆసియా మనిషి అనీ, గ్రీకులు యూరప్ అనే నేల మీద ఆమె ఎన్నడూ అడుగు పెట్టలేదనీ, ఫినీషియా నుంచి క్రీట్‌కు, అక్కడి నుంచి లిసియాకు వెళ్లిందనీ గుర్తు చేశాడు. లిసియా ఇప్పటి టర్కీ దక్షిణ తీరం. చివరికి, పేర్లు వాడుకలో ఉన్నవే వాడతాను అని ఆ చర్చ ముగించాడు.

పేరు మొదట ఖండానికి కాదు, చిన్న ప్రాంతానికే ఉండేది. అపోలో మీద ఉన్న పాత స్తోత్రంలో భక్తుల్ని లెక్కపెడుతూ పెలొపొనీస్‌లో ఉన్నవాళ్లు, యూరోపాలో ఉన్నవాళ్లు, దీవుల్లో ఉన్నవాళ్లు అని మూడుగా విడదీస్తాడు కవి. అంటే అప్పటి యూరోపా గ్రీసులో దక్షిణ ద్వీపకల్పాన్నీ దీవుల్నీ మినహాయించిన భూభాగం. తర్వాత గ్రీకులకు తెలిసిన లోకం పెరిగిన కొద్దీ పేరు ఉత్తరానికీ పడమరకూ పాకింది.

మాట పుట్టుక గురించి ప్రధానంగా రెండు వాదాలున్నాయి. ఒకటి గ్రీకు వాదం: "యూరుస్" అంటే విశాలమైన, "ఓప్స్" అంటే కన్ను లేదా ముఖం, కలిపితే విశాలమైన ముఖం గలది. రెండోది సెమిటిక్ (ఫినీషియన్, హీబ్రూ, అరబ్బీ లాంటి భాషల కుటుంబం) వాదం: సూర్యాస్తమయం, పడమర అనే అర్థమిచ్చే "ఎరెబ్" లాంటి మాట నుంచి వచ్చిందని. రెండోది వినడానికి చక్కగా అతుకుతుంది. ఫినీషియా నుంచి చూస్తే సూర్యుడు అస్తమించేది గ్రీసు వైపే, రాకుమారి కూడా ఫినీషియన్ పిల్లే. కానీ శబ్దాలు ఒక భాష నుంచి మరో భాషలోకి ఎలా మారతాయో లెక్క కట్టేవాళ్లకు ఇది సరిపోవడం లేదు. గ్రీకు వాదంలో శబ్దాలు సరిపోతాయి గానీ, ఒక నేలకు "విశాలముఖి" అని ఎందుకు పేరు పెడతారన్నది మిగిలిపోతుంది. అర్థం బాగా కుదిరిందని వ్యుత్పత్తిని నమ్మేయకూడదని మనకూ ఊళ్ల పేర్ల కథల వల్ల తెలిసిందే. జలకన్యల జాబితాలో యూరోపా, ఆసియా కలిసే ఉన్నాయి కాబట్టి నేల పేరు రాకుమారి నుంచి కాక వేరే దారిలో వచ్చి ఉండొచ్చు. రెండు పేర్లూ ఒకటే అన్నది నిజం. ఒకటి రెండోదాన్నుంచి పుట్టిందన్నది మాత్రం నమ్మకమే.

ఖండం నుంచి పేరు తెచ్చుకున్నవి వేరే ఉన్నాయి: 1901లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త డెమార్సే వేరుచేసిన యూరోపియం మూలకం, యూరో కరెన్సీ, యూరోపా లీగ్, 1960లలో ఐరోపా దేశాలు కలిసి తయారుచేసిన యూరోపా రాకెట్. వీటికీ రాకుమారికీ నేరుగా చుట్టరికం లేదు. యూరోది కాస్త వింత సంగతి. దాని పేరు ఖండానిది, కానీ 2013లో 5 యూరోలతో మొదలైన నోట్ల వరుసలో నీటిగుర్తుగా కనిపించే ముఖం రాకుమారిది. దక్షిణ ఇటలీలో దొరికి ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్న పాత గ్రీకు పాత్ర మీది చిత్రం అది. గ్రీసు ముద్రించే 2 యూరోల నాణెం మీద ఎద్దుతో సహా ఉంటుంది.

## గురుగ్రహం పక్కకు ఈ పేరు ఎలా చేరింది

1610 జనవరి 7న గెలీలియో దూరదర్శినితో గురుగ్రహాన్ని చూశాడు. పక్కన మూడు చుక్కలు కనిపించాయి. నిజానికి వాటిలో ఒకటి రెండు చుక్కలు. అయో, యూరోపా ఆ రాత్రి బాగా దగ్గరగా ఉండటంతో ఆయన దూరదర్శిని వాటిని విడదీయలేకపోయింది. మర్నాడు విడిగా కనిపించాయి. 13వ తేదీకి నాలుగూ ఒకేసారి లెక్కకొచ్చాయి. ఆయన వాటికి ఫ్లోరెన్స్ పాలకుల పేరిట మెడిచీ నక్షత్రాలని పేరు పెట్టి, విడివిడిగా అంకెలతో పిలిచాడు. లోపలి నుంచి రెండోది కాబట్టి ఇది రెండు.

యూరోపా అన్న పేరును అచ్చులోకి తెచ్చింది జర్మనీకి చెందిన ఖగోళజ్ఞుడు సైమన్ మారియస్, 1614లో. 1613 అక్టోబరులో రీగెన్స్‌బర్గ్‌లో కలిసినప్పుడు మరో ఖగోళజ్ఞుడు కెప్లర్ చేసిన సూచన అదని ఆయనే చెప్పుకున్నాడు. జూపిటర్ (జ్యూస్‌కు రోమన్ పేరు) రహస్యంగా ప్రేమించిన అయో, యూరోపా, గనీమీడ్, కాలిస్టోల పేర్లు వరుసగా పెట్టాలన్నది ఆలోచన. మన కథలో బృహస్పతి భార్య తారను ఎత్తుకుపోయినవాడు చంద్రుడు. వాళ్ల కథలో ఆ గ్రహమే ఎత్తుకుపోయినవాడు, అతను ఎత్తుకెళ్లినవాళ్లు దాని చుట్టూ తిరిగే చంద్రులు. ఒకే గ్రహం, కథ మాత్రం తలకిందులు.

మారియస్ తనకంటే ముందే చూశానన్నట్టు రాశాడని గెలీలియో మండిపడ్డాడు. ఆ తగువులో పంచాంగం లెక్క ఒకటుంది. మారియస్ తన మొదటి పరిశీలన 1609 డిసెంబరు 29న అని రాశాడు. చూడగానే గెలీలియో కంటే తొమ్మిది రోజులు ముందనిపిస్తుంది. కానీ మారియస్ ఉన్న ప్రొటెస్టెంట్ ప్రాంతంలో పాత జూలియన్ పంచాంగమే నడిచేది. గెలీలియో వాడింది కొత్త గ్రెగోరియన్ పంచాంగం. ఆ కాలంలో రెండింటికీ తేడా 10 రోజులు. డిసెంబరు 29కి 10 రోజులు కలిపితే 1610 జనవరి 8. అంటే గెలీలియో తర్వాత ఒక్క రోజుకు. తేదీల వరకు గెలీలియోదే ముందు. మారియస్ కాపీ కొట్టాడా అన్నది వేరే ప్రశ్న. ఆయన లెక్కలు సొంతంగా చేసినవేనని, కొన్ని చోట్ల గెలీలియో లెక్కల కంటే మెరుగ్గా ఉన్నాయని తర్వాత పరిశీలించినవాళ్లు తేల్చారు.

పేరు పెట్టగానే వాడుకలోకి రాలేదు. రెండు శతాబ్దాలకు పైగా ఖగోళజ్ఞులు ఎక్కువగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అనే పిలిచారు. 1892లో బార్నార్డ్ అనే అమెరికన్ గురుడికి మరీ దగ్గరగా అమాల్థియాను కనిపెట్టడంతో అంకెలు అర్థం కోల్పోయాయి. అందరికంటే లోపల ఉన్నదానికి అయిదో అంకె ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత మెటిస్, అడ్రాస్టియా, థీబ్ కూడా అయో కంటే లోపలే దొరికాయి. అందుకే ఇప్పటికీ యూరోపా అధికారిక సంఖ్య "జూపిటర్ 2", కానీ గ్రహం నుంచి లెక్కపెడితే అది ఆరోది. రెండూ సరైనవే. ఒకటి చరిత్ర చెబుతుంది, రెండోది దూరం.

## ఆకాశంలో ఇంకో యూరోపా ఉంది

1858 ఫిబ్రవరి 4న పారిస్‌లో హెర్మన్ గోల్డ్‌ష్మిట్ ఒక గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఈయన వృత్తి చిత్రలేఖనం. ప్రొకోప్ కాఫీహోటల్ పైన ఉన్న తన ఇంటి నుంచే ఆకాశాన్ని గాలించేవాడు. అప్పటిదాకా దొరికిన వాటి వరుసలో అది 52వది, పేరు యూరోపా. గురుడి ఉపగ్రహాన్ని అప్పట్లో చాలామంది అంకెతోనే పిలుస్తున్నారు కనుక పేరు రెండోసారి వాడేశారన్న పట్టింపు పెద్దగా రాలేదు. ఇప్పుడైతే కుదరదు. ఉన్న గ్రహశకలం పేరుకో ఉపగ్రహం పేరుకో మరీ దగ్గరగా ఉన్న కొత్త పేరును అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒప్పుకోదు. పాతవాటిని మాత్రం కదపలేదు.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. శని ఉపగ్రహం పండోరా, 55వ గ్రహశకలం పండోరా. గురుడి ఉపగ్రహం అయో, 85వ గ్రహశకలం అయో. కొన్నింటికి లాటిన్ లిపిలో ఒక అక్షరం తేడా పెట్టారు. ఉపగ్రహం కాలిస్టో "సి"తో మొదలైతే 204వ గ్రహశకలం కాలిస్టో "కె"తో మొదలవుతుంది. ఆ తేడా తెలుగు లిపిలోకి రాగానే ఆవిరైపోతుంది, రెండూ "కా". కాబట్టి తెలుగులో రాసేవాళ్లు గ్రహశకలం పేరు ముందు దాని అంకె వేయడం మర్యాద కోసం కాదు, అవసరం కోసం. 52 యూరోపా అంటే గ్రహశకలం. ఉత్త యూరోపా అంటే ఉపగ్రహం.

రెండింటికీ పోలికేమీ లేదు. ఉపగ్రహం వ్యాసం సుమారు 3,120 కి.మీ., మన చంద్రుడి కంటే కొంచెమే చిన్నది. గ్రహశకలం సుమారు 300 కి.మీ. మొదటిది గురుడికి 6.71 లక్షల కి.మీ. దూరంలో మూడున్నర రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది. రెండోది సూర్యుణ్ని చుట్టిరావడానికి దాదాపు అయిదున్నరేళ్లు పడుతుంది.

తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో లెక్కలు కట్టేచోట తెలుస్తుంది. ఆకాశంలో ఏ వస్తువు ఏ క్షణాన ఎక్కడుందో చెప్పడానికి నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ నడిపే హొరైజన్స్ అనే సేవ ఉంది. అందులో "యూరోపా" అని కొడితే ఏది కావాలని జాబితా చూపిస్తుంది. 502 అని కొడితే ఉపగ్రహం వస్తుంది: 5 అంటే అయిదో గ్రహం గురుడు, 02 అంటే దాని రెండో ఉపగ్రహం. గ్రహశకలం కావాలంటే 52 పక్కన సెమికోలన్ పెట్టాలి. ఆ గుర్తు ఉంటే చిన్న వస్తువుల జాబితాలో వెతకమని అర్థం. పొరపాటున 502 పక్కన సెమికోలన్ పెడితే యూరోపాలు రెండూ కాకుండా 502వ గ్రహశకలం సిగూనే స్థానం చేతికొస్తుంది. అంకెలు వస్తాయి, చూడ్డానికి బాగానే ఉంటాయి, కానీ దూరదర్శిని ఖాళీ ఆకాశం వైపు తిరుగుతుంది.

## వాక్యం చూసి ఏ యూరోపానో పోల్చడం

"యూరోపా ఈ నెల సింహరాశిలో ఉంది" అని చదివారనుకోండి. ఉపగ్రహం గురుడిని వదిలి ఎంత దూరం పోగలదో లెక్కకడదాం. గురుడు భూమికి బాగా దగ్గరైనప్పుడు దూరం సుమారు 58.8 కోట్ల కి.మీ. కక్ష్య వ్యాసార్థం 6.71 లక్షల కి.మీ.ని దీనితో భాగిస్తే 0.00114. దాన్ని డిగ్రీల్లోకి మార్చడానికి 57.3తో గుణిస్తే 0.065 డిగ్రీ. పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ, అంటే అందులో ఎనిమిదో వంతు. ఉపగ్రహం గురుడికి అంతకంటే ఎడంగా ఎప్పుడూ కనిపించదు. గురుడు ఏ రాశిలో ఉంటే యూరోపా అక్కడే ఉండి తీరాలి.

ఇది మనకు సుళువైన గుర్తు, ఎందుకంటే గురుడు ఏ రాశిలోకి అడుగుపెట్టాడో పుష్కరాలే చెబుతాయి. 2015లో గోదావరి పుష్కరాలు జరిగినప్పుడు గురుడు సింహంలోకి వచ్చాడు, యూరోపా కూడా సింహంలోనే ఉంది. 2016 కృష్ణా పుష్కరాలకు కన్య. 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలకు మిథునం. గురుడు ఒకచోట, యూరోపా ఇంకోచోట అని వార్త చెబితే అది 52 యూరోపా గురించి.

"యూరోపా నక్షత్రానికి అడ్డు వచ్చింది, అయిదారు చోట్ల నుంచి సెకన్లు లెక్కపెట్టి దాని ఆకారం గీశారు" అంటే ఎక్కువగా గ్రహశకలమే అయ్యుంటుంది. వాటి ఆకారాలు తెలుసుకునే పద్ధతుల్లో అదొకటి. "మంచు, పగుళ్లు, సముద్రం" ఉంటే ఉపగ్రహం. "బైనాక్యులర్లతో చూశాను" అన్నా ఉపగ్రహమే. ఖగోళజ్ఞుల కొలతలో అంకె పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది; గ్రహశకలం వెలుగు మంచి రోజుల్లోనూ పది దగ్గర ఉంటుంది, దానికి దూరదర్శిని కావాలి. "క్లిప్పర్ యూరోపా కక్ష్యలో తిరుగుతుంది" అని ఉంటే పేరు సరే, వాక్యం తప్పు. ఆ సంగతి కింద ఉంది.

## ఇంతకీ ఈ ఉపగ్రహం మీద అంత ఆసక్తి ఎందుకు

1995 నుంచి 2003 వరకు గురుడి చుట్టూ తిరిగిన గెలీలియో నౌకలోని అయస్కాంత పరికరం యూరోపా పక్కన ఒక వింత గమనించింది. గురుడి అయస్కాంత క్షేత్రం వాలి ఉండటంతో యూరోపా మీద దాని దిశ దాదాపు 11 గంటలకోసారి అటూఇటూ ఊగుతుంది. దానికి బదులుగా యూరోపా లోపల మరో క్షేత్రం పుడుతోంది. అలా పుట్టాలంటే విద్యుత్తు ప్రవహించే పొర ఒకటి కావాలి. గడ్డకట్టిన మంచులో అది సాధ్యం కాదు, ఉప్పునీటికి సాధ్యం. ఉపరితలం దగ్గర మధ్యరేఖ మీద కూడా సుమారు మైనస్ 160 డిగ్రీల చలి ఉండే చోట నీరు గడ్డకట్టకుండా ఉండటానికి కారణం గురుడి ఆటుపోట్లు. అయో, గనీమీడ్ పదేపదే ఒకే తీరున లాగుతుండటంతో యూరోపా కక్ష్య గుండ్రంగా స్థిరపడలేదు. గురుడికి దగ్గరైనప్పుడు ఎక్కువ సాగి, దూరమైనప్పుడు తక్కువ సాగి, లోపల రాపిడితో వేడి పుడుతుంది.

"భూమి సముద్రాలకు రెట్టింపు నీరు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. యూరోపా వ్యాసార్థం 1,561 కి.మీ. పైన మంచు, కింద నీరు కలిపి 100 కి.మీ. మందం అనుకుంటే లోపలి రాతిగోళం వ్యాసార్థం 1,461. రెండు గోళాల ఘనపరిమాణాల తేడా సుమారు 287 కోట్ల ఘన కిలోమీటర్లు. భూమి సముద్రాలన్నీ కలిపి సుమారు 133.5 కోట్లు. రెట్టింపుకు కొంచెం పైనే. కానీ ఇందులో మంచు కూడా కలిసిపోయింది. పైపొర 20 కి.మీ. మంచు అనుకుని తీసేస్తే మిగిలేది సుమారు 227 కోట్లు, అంటే 1.7 రెట్లు. శీర్షికలో "రెట్టింపు" అబద్ధం కాదు, కానీ మందం ఎంత అనుకున్నామన్న దాన్ని బట్టి మారే అంకె.

ఆ మంచు మందం మీదే పెద్ద వాదన. కొన్ని చోట్ల మంచు బండలు విరిగి, పక్కకు జరిగి, తిరగబడి మళ్లీ అతుక్కున్నట్టు కనిపిస్తాయి. నీరు పైకి దగ్గరగా, కొన్ని కిలోమీటర్ల లోతులోనే ఉందనేవాళ్లకు అదే ఆధారం. ఉల్కలు పడిన పెద్ద గుంతల మధ్యలో శిఖరాలు, వాటి చుట్టూ వలయాలు చూపించి, పల్చని పొర మీద ఇవి నిలవవు, కనీసం ఇరవై కిలోమీటర్లైనా ఉండాలంటారు ఇంకొందరు. మంచులోకి చొచ్చుకుపోయే రాడార్‌ను క్లిప్పర్ మీద పెట్టింది ఈ తగువు తీర్చడానికే.

క్లిప్పర్ 2025 మార్చి 1న అంగారకుడి పక్కగా వెళ్లి ఊపు సవరించుకుంది. 2026 డిసెంబరులో భూమి పక్కగా వెళ్లి వేగం పుంజుకుని, 2030 ఏప్రిల్‌లో గురుడిని చేరాలన్నది ప్రణాళిక. అది తిరిగేది గురుడి చుట్టూ, యూరోపా చుట్టూ కాదు. గురుడి అయస్కాంత క్షేత్రంలో చిక్కిన కణాల రేడియేషన్ యూరోపా దగ్గర ఎంత తీవ్రమంటే అక్కడే మకాం వేసిన నౌకలో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ కాలం బతకవు. అందుకే కోలగా సాగిన కక్ష్యలో దూరంగా ఉంటూ, 49 సార్లు గబుక్కున దగ్గరికి వెళ్లి వస్తుంది. బాగా దగ్గరైనప్పుడు ఎత్తు 25 కి.మీ. మాత్రమే. మెదడులాంటి భాగాలన్నీ మందపాటి అల్యూమినియం పెట్టెలో ఉంటాయి. దాని పని జీవాన్ని వెతకడం కాదు, జీవం మనగలిగే పరిస్థితులున్నాయో లేదో చూడటం. ఈ రెంటినీ ఒకటి చేసిన శీర్షికలు కొల్లలు.

## ఉపగ్రహం మీద కుటుంబమంతా ఉంది

యూరోపా పటం తీస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఉపరితలమంతా గోధుమరంగు గీతలు, వందల కిలోమీటర్ల పొడవున. వాటికి ఎక్కువగా యూరోపా కథలోని మనుషుల పేర్లు, గుంతలకు కెల్టిక్ కథల దేవతల, వీరుల పేర్లు పెట్టడం నియమం. అందుకే ప్విల్ అనే వేల్స్ దేశపు వీరుడు ఈ ఫినీషియన్ పిల్ల ముఖం మీద ఒక గుంతగా ఉన్నాడు. గీతల్లో తండ్రి ఎజీనార్ ఉన్నాడు, తల్లి టెలిఫాసా ఉంది, నాయనమ్మ లిబియా ఉంది, కొడుకులు మినోస్, రాడమాంథస్, సార్పెడాన్ ఉన్నారు, పెళ్లాడిన క్రీట్ రాజూ ఉన్నాడు. ఆమె బయల్దేరిన ఊరు టైర్ పేరు వలయాల మీద వలయాలుగా ఉన్న పెద్ద ఉల్కాఘాత మచ్చకు పెట్టారు.

కాడ్మస్ పేరిట కూడా ఒక గీత ఉంది. కథలో అతను యూరోపా అన్న. చెల్లెలు లేకుండా ఇంటికి రావద్దని తండ్రి పంపేస్తే ఊళ్లు తిరిగి తిరిగి చివరికి డెల్ఫీ వెళ్లి అడిగాడు. వెతకడం మానేసి, కనిపించిన ఆవు వెనక నడిచి, అది పడుకున్న చోట ఊరు కట్టుకోమంది అక్కడి దైవవాణి. కట్టుకున్నాడు, అదే థీబ్స్. చెల్లెలు మాత్రం కాడ్మస్‌కు ఎన్నటికీ దొరకలేదు.